గట్టు దాటిన పాదం

లింగస్వామి పాదాల గురించి కర్మన్‌ఘాట్ చుట్టుపక్కల చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు. మిగతా సగం ఆయన స్వయంగా చెప్పినవి, కాబట్టి వాటిలో నిజమెంతో ఆ హనుమంతుడికే తెలియాలి. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ఒకసారి ఆయన తేలు మీద కాలేస్తే, తేలు మూడు రోజులు జ్వరంతో పడుకుందట. మే నెల మిట్టమధ్యాహ్నం ఎల్బీనగర్ చౌరస్తాలో తారు కరిగి అందరి చెప్పులూ అంటుకుపోతుంటే, ఈయన ఉత్త కాళ్ళతో రోడ్డు నడుమ నిలబడి ట్రాఫిక్ పోలీసుతో మామిడిపండ్ల సంగతులు మాట్లాడాడట. కళ్ళు మూసుకుని చీమ మీద కాలు పెడితే ఎర్ర చీమో నల్ల చీమో చెప్పేవాడట.

"ఆడదో మగదో గూడ చెప్తుంటి గని, చీమకు సిగ్గయితదని ఊకున్న" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

మనిషికి యాభై ఆరేళ్ళు. పంతొమ్మిదో ఏట మునుగోడు దిక్కు నుంచి వచ్చి పండ్ల మార్కెట్‌లో హమాలీగా చేరాడు. మార్కెట్ బాటసింగారానికి తరలిపోతే ఈయనా దాని వెనకే తరలాడు. చీకటితో బస్సెక్కి పోవడం, లారీలు దించడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. అక్కడిదాకా హమాలీ. సాయంత్రం అయిదున్నర కొట్టిందంటే మాత్రం ఉస్తాద్. కర్మన్‌ఘాట్ గల్లీ ఒకదాంట్లో రేకుల కప్పు కింద ఆయన తాలీం ఉంది. అందులో జల్లించిన ఎర్రమట్టి పోసిన గోదా, గోడకు ఆనించిన వెదురు కర్రలు, కర్రసాము నేర్చుకునే నలభై మంది పిల్లా పెద్దా.

ఆ తాలీంకు ఒక్కటే చట్టం. గడప లోపల చెప్పు కనబడకూడదు. ఓట్లు అడగడానికొచ్చిన నాయకులు కూడా బూట్లు విప్పి, సాక్సు కన్నంలోంచి బొటనవేలు బయటపడ్డా నవ్వు ముఖంతోనే లోపలికొచ్చారు.

ఈ చట్టంతో పేచీ పెట్టుకున్నవాడు ఒక్కడే, పట్టాభి. భీమవరం వైపు మనిషి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, దిల్‌సుఖ్‌నగర్‌లో అపార్ట్‌మెంట్. ఆయన కూతురు తన్మయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, మూడేళ్ళుగా ఇక్కడ కర్ర తిప్పుతోంది. చేరిన మొదటి వారమే పట్టాభి పల్చటి అడుగున్న బూట్ల జత పట్టుకొచ్చి గడప బయట నిలబడ్డాడు.

"లింగస్వామి గారూ, మట్టిలో ఏముంటాయో ఎవరికి తెలుసండీ? మేకులు, గాజుపెంకులు, పురుగులు. ఈ బూట్లు మెత్తగానే ఉంటాయి. వేసుకోనివ్వండి."

"సారూ, చీకట్ల అన్నం తింటున్నవనుకో. ముద్దల రాయి ఉన్నదో లేదో నీకు చెప్పేదేంది?"

"నాలుకండీ."

"నాలుకకు తొడుగేస్కుని తింటవా మరి? గోదాల కాలే నాలుక."

"కాలిని నాలుకంటే ఎలాగండీ! నాలుకకి ధనుర్వాతం రాదు కదా!"

లోపల నలభై మందీ కర్రలు ఆపి నవ్వారు. తన్మయి తలపట్టుకుంది. "నాన్నా, దయచేసి నువ్వు స్కూటర్ దగ్గరే ఉండవా" అంది. ఆ రోజు నుంచి పట్టాభి గడప బయటే ఒక ప్లాస్టిక్ కుర్చీలో, బూట్లతో సహా, కూతురి పాదాల మీదే కళ్ళు పెట్టి కూర్చునేవాడు.

అంతటి పాదానికి ఈ ఏడు వినాయక నిమజ్జనం అయిన వారానికి వేటు పడింది.

మార్కెట్ నుంచి ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, మంచం మీద కూర్చున్నాడు లింగస్వామి. ఆయన భార్య యాదలక్ష్మి వంటింట్లోంచి వచ్చి గచ్చు చూసి ఆగిపోయింది. గడప నుంచి కుండ దాకా, కుండ నుంచి మంచం దాకా, అడుగడుక్కీ ఎర్రటి మచ్చ.

"ఏమయ్యో, ఏం తొక్కినవ్?"

"ఏం తొక్కలే. దానిమ్మపండు రసమేమో."

ఆమె కాలు పట్టుకుని పైకెత్తింది. ఎడమ పాదంలో, బొటనవేలి మొదట, పండ్ల పెట్టె మేకు తల దాకా దిగి ఉంది. బాటసింగారం నుంచి బస్సెక్కి, బస్సు దిగి, కిలోమీటరు నడిచి ఆ మేకును ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఆమె దాన్ని లాగుతున్నప్పుడు కూడా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మామూలుగా అయితే ఇది ఊరంతా చెప్పుకోవలసిన గొప్ప. ఆయన మాత్రం ఆ మేకును అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

దవాఖానలో రక్తం చూసి షుగర్ అన్నారు. ఎప్పటి నుంచి ఉందో దేవుడికే ఎరుక. చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె పుల్లకు బిగించిన సన్నటి ప్లాస్టిక్ దారం చేతిలోకి తీసుకుంది.

"కళ్ళు మూసుకోండి పెద్దాయనా. పాదానికి తగిలినప్పుడల్లా 'ఆ' అనండి."

లింగస్వామి కళ్ళు మూసుకుని ఠీవిగా "ఆ" అన్నాడు. "ఆ... ఆ..." అంటూనే ఉన్నాడు. తొమ్మిది సార్లు అన్నాడు.

డాక్టరమ్మ దారం పక్కన పెట్టింది. "నేను నాలుగు సార్లే ముట్టుకున్నాను. అందులో మూడింటికి మీరు పలకలేదు. మిగతావన్నీ నా చెయ్యి గాల్లో ఉన్నప్పుడు అన్నారు."

"అదెట్ల? నాకు తగిలిందమ్మా. ఒట్టు."

"తగిలినట్టే అనిపిస్తుంది. పాదం చెప్పకపోతే దాని బదులు మనసు చెప్పేస్తుంది. రెండు పాదాలదీ ఇదే తీరు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా ఒక్క అడుగు వెయ్యొద్దు. పుండు పడితే వేలు తీసేయాలి. ముదిరితే పాదం."

నల్లటి మెత్తటి చెప్పులు కొన్నారు. ఇంటి నుంచి గల్లీ మలుపు దాకా వేసుకునేవాడు. మలుపులో విప్పి సంచిలో కుక్కి, ఉత్త కాళ్ళతో ఉస్తాద్‌లా తాలీంలోకి నడిచేవాడు. ఎవరికీ చెప్పలేదు. ఇదే తప్పు. ఇంతకన్నా పెద్దది వెనక వస్తోంది.

దసరా నాడు ఆ తాలీంలో ఆయుధపూజ జరుగుతుంది. పూజ అయ్యాక గుమ్మడికాయ కొట్టాలి. కొట్టేది ఉస్తాద్, కళ్ళకు గంతలతో. మూడేళ్ళ సాధన పూర్తయిన శిష్యులు ఒకరు గోదాలో వెల్లకిలా పడుకుంటారు. వాళ్ళ తలకు జానెడు దూరంలో, ఉస్తాద్ వచ్చే వైపు, బూడిద గుమ్మడికాయ పెడతారు. ఉస్తాద్‌ని మూడు చుట్లు తిప్పి వదులుతారు. పడుకున్న వాళ్ళ అవతల నిలబడి ఒకతను డప్పు కొడుతుంటాడు. ఆ చప్పుడును బట్టి ఉస్తాద్ అటు నడుస్తాడు. దిక్కు చెవి చూసుకుంటుంది. దూరం పాదం చూసుకోవాలి. అందుకోసం గోదాకు అడ్డంగా రెండు వేళ్ళ ఎత్తున మట్టిగట్టు కడతారు. బొటనవేలికి ఆ గట్టు తగిలిన చోట ఆగి కర్ర దించితే, కర్ర కొస సరిగ్గా గుమ్మడికాయ మీద పడుతుంది. ఇంకొక్క అడుగు ముందుకేసి దించితే పడుకున్న మనిషి నుదుటి మీద పడుతుంది.

ఇరవై ఆరేళ్ళుగా ఒక్క దసరా తప్పలేదు. ఆ కర్ర దెబ్బకు గింజలు ఎగిరి వనస్థలిపురంలో పడి మొలిచాయని, ఆ తీగె ఇంకా కాస్తోందని లింగస్వామి చెప్పేవాడు.

ఈ ఏడు పడుకోవలసింది తన్మయి.

చెప్పులు కొన్న మరునాడు మధ్యాహ్నం, తాలీంలో ఎవరూ లేని వేళ చూసి, తలుపు వేసుకున్నాడు. గోనెసంచిలో ఇసుక నింపి తన్మయి పడుకునే చోట పెట్టాడు. దాని ముందర గుమ్మడికాయ. గట్టు కట్టాడు. సంచి అవతల సెల్‌ఫోన్‌లో డప్పు మోగించి, కళ్ళకు గంతలు కట్టుకుని నడిచాడు. గట్టు కోసం పాదాన్ని అడిగాడు. పాదం పలకలేదు. ఇంకొంచెం నడిచాడు. ఏదో తగిలినట్టనిపించింది. కర్ర దించాడు.

చప్పుడు గుమ్మడికాయది కాదు. గంతలు లాగేసి చూస్తే గోనెసంచి నడుమకు చీలి, ఇసుక జలజలా కారుతోంది. అది ఆగిందాకా ఆయన కదలకుండా చూస్తూ నిలబడ్డాడు.

తరవాత మొండితనం లేచింది. పాదం పోతే లెక్క లేదా? గోదా కొసన పాతిన గుంజ నుంచి గట్టుకు ఎన్ని అడుగులో కొలిచాడు. తొమ్మిది. గంతలు కట్టుకుని గుంజను తడిమి, తొమ్మిది అడుగులు వేసి కర్ర దించాడు. గుమ్మడికాయ రెండు చెక్కలయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పగిలింది. వారం రోజుల్లో పదకొండు గుమ్మడికాయలు పగలగొట్టాడు. ఇంట్లో పదకొండు రోజులు గుమ్మడికాయ పులుసే.

పన్నెండో రోజు యాదలక్ష్మి గిన్నె ఠపీమని కింద పెట్టింది. "ఎవర్ని మోసం చేస్తున్నవయ్యా? ఆ పిల్లకు చెప్పినవా?"

"లెక్క కుదిరింది. తొమ్మిది అడుగులు. తప్పదు."

"తప్పితే?"

"ఇరవై ఆరేండ్ల సంది తప్పిందా?"

"ఇరవై ఆరేండ్లు నీకు కాలున్నది. ఇప్పుడేమున్నది? ఆ పిల్ల నెత్తి గుమ్మడికాయనా, పులుసు పెట్టుకునేతందుకు?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఒక్క మాట చాలు. "నా పాదం పోయింది, ఈసారి కాయ కొట్టను" అంటే అయిపోయేది. కానీ ఆ మాటకన్నా మేకే నయంగా కనిపించింది ఆయనకు.

దసరా రోజు పొద్దున పది గంటలకు తాలీం కిటకిటలాడిపోయింది. కర్రలకు పసుపు కుంకుమలు పెట్టారు, నిమ్మకాయలు కట్టారు. లింగస్వామి పెద్ద శిష్యుడు తిరుపతి, హయత్‌నగర్‌లో ఆటో నడుపుతాడు. ఉస్తాద్‌ని తిప్పి వదిలేది అతనే. లింగస్వామి అతన్ని పక్కకు పిలిచాడు.

"తిప్పినంక నన్ను గుంజ కాడనే నిలబెట్టు. సమజయిందా?"

"గట్లనే ఉస్తాద్."

తన్మయి వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. ఆ పిల్ల వేళ్ళు పాదాన్ని తాకాయో లేదో ఆయనకు తెలియలేదు. "భయమయితుందా బిడ్డా?" అని అడిగాడు.

"మీరుండగా భయమేంటి సార్?" అంది నవ్వుతూ.

గడప బయట కుర్చీలో పట్టాభి కూర్చోలేక లేచి నిలబడ్డాడు. "లింగస్వామి గారూ, కాస్త చూసి కొట్టండి" అన్నాడు. గంతలు కట్టుకున్న మనిషిని చూసి కొట్టమన్నందుకు జనం గొల్లుమన్నారు. లింగస్వామికి నవ్వు రాలేదు.

తన్మయి పడుకుని కళ్ళు మూసుకుంది. గుమ్మడికాయ పెట్టారు. తిరుపతి ఉస్తాద్ కళ్ళకు నల్లగుడ్డ కట్టి మూడు చుట్లు తిప్పాడు. ఆసరికి జనం తోసుకుని గుంజ మీదికి వచ్చేశారు. ఇద్దరు ఆడవాళ్ళు గుంజను ఆనుకునే నిలబడ్డారు. తిరుపతి ఉస్తాద్‌ని గుంజకు ఒకే ఒక్క అడుగు ముందర నిలబెట్టాడు. పాదంతో మట్టిని చదివే మనిషికి ఒక అడుగు అటయితే ఏంది, ఇటయితే ఏంది?

డప్పు మొదలైంది. లింగస్వామి నడిచాడు.

ఒకటి. రెండు. మూడు. తాలీంలో ఎవరూ దగ్గలేదు కూడా. కాయ కొట్టేటప్పుడు గోదా చుట్టూ ఎవరూ నోరు మెదపకూడదు. మాట వినబడితే ఉస్తాద్ దిక్కు తప్పుతాడని ఆయన పెట్టిన కట్టడే అది. ఆరు. ఏడు. ఎనిమిదో అడుగు గట్టు మీద పడింది. మట్టి ఆయన బొటనవేలి కింద నలిగింది. నలభై మందీ చూశారు. ఆయన ఆగలేదు. తొమ్మిదో అడుగు గట్టు అవతల పడింది.

అక్కడ ఆగాడు. కర్ర రెండు చేతులా పైకెత్తాడు. డప్పు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు లింగస్వామి బొటనవేలికి గట్టు తగిలింది. చల్లగా, తడిగా, రెండు వేళ్ళ ఎత్తున, పాత రోజుల్లో తగిలినట్టే తగిలింది. ఆయన గుండె పొంగిపోయింది. పాదం తిరిగొచ్చింది! లెక్కా కుదిరింది, పాదమూ పలికింది. ఇంక దించడమే. భుజాలు బిగించాడు.

డాక్టరమ్మ గొంతు చెవిలో పలికింది. నా చెయ్యి గాల్లో ఉంది పెద్దాయనా.

కర్ర అలాగే పైన ఉంచి, ఎడమ బొటనవేలిని మెల్లగా మట్టి మీద నుంచి పైకెత్తాడు. వేలు గాల్లో ఉంది. గట్టు ఇంకా తగులుతూనే ఉంది.

చేతుల్లో కర్ర బరువెక్కింది. చుట్టూ అంత మంది ఉన్నారు, ఒక్కరు దగ్గినా బాగుండేది. ఒక్కరూ దగ్గలేదు. కర్రను పక్కకు తిప్పి మెల్లగా దించి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి కాయ కొట్టకుండానే గంతలు ఊడదీసుకున్నాడు.

గట్టు ఆయన వెనకాల ఉంది. దాని మీద ఆయన అడుగు అచ్చు గుద్దినట్టు ఉంది. కర్రను ముందుకు చాచి, కొట్టినట్టే నిదానంగా కిందికి ఆనించి చూశాడు. కొస గుమ్మడికాయను దాటిపోయి తన్మయి పాపిట దగ్గర ఆగింది.

ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే అడిగింది. "అయిపోయిందా సార్?"

లింగస్వామి గోదాలో చతికిలబడ్డాడు. "నా కాలు సచ్చిపోయిందమ్మా" అన్నాడు, అందరికీ వినబడేటట్టు. "ఇరవై రోజులయింది. నాకు ఎర్కనే. ఎర్క ఉండే నిన్ను పండబెట్టిన."

పట్టాభి గడప దాటాడు. బూట్లతోనే గోదాలోకి దిగాడు. ఆ మట్టిలో చెప్పు పడడం అదే మొదటిసారి, ఎవరూ ఆపలేదు. కూతుర్ని లేపి తల తడిమి, భుజాలు తడిమి, ఉస్తాద్ వైపు తిరిగాడు. ఎప్పుడూ అండీ అనకుండా మాట్లాడని మనిషి. "తెలిసే పడుకోబెట్టావా? నీకు పిల్లలు లేరూ? మనిషివేనా నువ్వు?"

లింగస్వామి తల దించుకున్నాడు. తరవాత తలెత్తి తిరుపతిని చూశాడు. "నేను గట్టు దాటంగ నువ్వు చూసినవా?"

"చూసిన ఉస్తాద్. అందరం చూసినం."

"మరి ఎందుకు మొత్తుకోలే?"

"మాట్లాడొద్దంటివి కదా. నీ లెక్క ఏందో నీకుంటదనుకున్న. ఉస్తాద్ గట్టు దాటిండంటే అండ్ల ఏదో ఇకమతు ఉంటదనుకున్నం."

తన్మయి చిన్నపిల్లలా తండ్రి చొక్కా అంచు పట్టుకుని ఉంది. ఆ అంచు వదలకుండానే అంది. "నాకూ తెలిసింది సార్. మీ అడుగు చప్పుడు గట్టుకి ఇవతల వినబడింది. లేచేద్దామనుకున్నాను. లేస్తే మీ పరువు పోతుందని..."

మేకు దిగినప్పుడు కూడా అరవని లింగస్వామి అప్పుడు ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

నాలుగు రోజులు తాలీం తలుపు తెరవలేదు. అయిదో రోజు సాయంత్రం తెరిచాడు. నలభై మందిలో పంతొమ్మిది మంది వచ్చారు. పెద్దాయన నల్ల చెప్పులతో గడప దాటి, గోదాలోకి దిగాడు. వెనకాలే యాదలక్ష్మి వచ్చి గోదా అంచున కూర్చుంది. చెప్పులు విప్పితే కాళ్ళు విరగ్గొడతానని ఇంట్లోనే చెప్పి తీసుకొచ్చింది.

"మేము గూడ ఏస్కోవచ్చా ఉస్తాద్?" అని తిరుపతి అడిగాడు.

"నీ కాళ్ళు బతికే ఉన్నయి గదరా, నీకెందుకు? రాత్రి పండుకునే ముందల అరికాళ్ళు తిప్పి చూసుకోండ్రి, ఇంటికి పోయి కడుక్కోండ్రి. గంతే."

పట్టాభి స్కూటర్ ఆగింది. తన్మయి దిగింది. పట్టాభి గడప దగ్గర నిలబడి, "ఈ పిల్ల నాలుగు రోజులుగా అన్నం తినట్లేదండీ. అందుకే తెచ్చాను. పడుకోబెట్టే పనైతే ఇప్పుడే తీసుకెళ్ళిపోతాను" అన్నాడు.

"ఇంక ఎవ్వర్ని పండబెట్ట సారూ. గా ఆట బందు. ఇయ్యాల మీరంత నాకు చెప్పాలె."

ఇసుక సంచి, దాని ముందర గుమ్మడికాయ పెట్టించాడు. గట్టు కట్టించాడు. కళ్ళకు గుడ్డ కట్టుకుని, "నేను గట్టు తొక్కంగనే మొత్తుకోండ్రి" అని చెప్పి నడిచాడు. గట్టు తొక్కాడు. ఎవరో "ఉస్తాద్..." అని పెదాల్లోనే గొణిగారు. ఆయన ఇంకో అడుగేసి కర్ర దించాడు. సంచి పగిలింది.

గుడ్డ విప్పి ఒక్కొక్కరి ముఖం చూశాడు. "గిట్ల గులిగితే నాకినబడుతదా? ఇప్పుడు ఓ పానం పోయింది. ఎవరు జిమ్మేదారి?"

ఎవరూ మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచి నోరు మూసుకోవడమే భక్తి అని నేర్పినవాడు ఆయనే మరి. రెండోసారి కూడా సంచి పగిలింది. మూడోసారి ఇసుక ఎత్తి పోసి, మళ్ళీ గంతలు కట్టుకున్నాడు. నడిచాడు. చెప్పు అంచు గట్టుకు ఆనీ ఆనకముందే గోదా దద్దరిల్లేటట్టు కేక పడింది.

"ఆగు!"

తన్మయి. ఆ కేకకు ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద నాలుగు బస్సులు బ్రేకు వేశాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. లింగస్వామి మాత్రం నిజంగానే కొయ్యబొమ్మలాగా ఆగిపోయాడు. కర్ర దించాడు. గుమ్మడికాయ పగిలింది.

బయట నుంచి పట్టాభి కంగారుపడ్డాడు. "అమ్మాయ్, పెద్దాయన మీద అలా అరుస్తావేంటి?"

"అరవనీ సారూ" అన్నాడు లింగస్వామి, గంతలు తియ్యకుండానే గుంజ వైపు చెయ్యి చాచి తడుముకుంటూ. "తిరుపతీ, ఇంకో కాయ పెట్టు. ఈసారి నువ్వు మొత్తుకో. జర గట్టిగ."